హాస్పిటల్ అనుభవం లేకుండా హైదరాబాద్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరడం ఎలా

"పేషెంట్ దాహం అంటున్నాడు. ఏం చేస్తావు?"

నా మొదటి ఇంటర్వ్యూలో నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం అడిగిన మొదటి ప్రశ్న ఇది. పక్షవాతం వచ్చిన మా అత్తమ్మను నాలుగేళ్లు మంచం మీద చూసుకున్నదాన్ని. ఇంతకంటే తేలిక ప్రశ్న ఉంటుందా అనుకుని "నీళ్లిస్తాను మేడం" అన్నాను. "ఇంకో గంటలో ఆపరేషన్‌కి వెళ్లాల్సిన పేషెంట్ అయితే?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు నన్ను తీసుకోలేదు. బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను.

తర్వాత తెలిసింది. మత్తు ఇచ్చాక కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆపరేషన్‌కి మామూలుగా ఆరు గంటల ముందు భోజనం, రెండు గంటల ముందు నీళ్లు ఆపేస్తారు. అలాంటి పేషెంట్ మంచానికి 'ఎన్‌బీఎం' అని బోర్డు తగిలిస్తారు. నిల్ బై మౌత్, అంటే నోటితో ఏమీ ఇవ్వొద్దని. ఇంట్లో అత్తమ్మ అడగకముందే గ్లాసు అందించడం నాకు అలవాటు. హాస్పిటల్‌లో మాత్రం గ్లాసు పట్టుకునే ముందు బోర్డు చూడాలి, సిస్టర్‌ని అడగాలి.

అనుభవం లేదని భయపడే ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ నేను ఇదే చెబుతాను. మనిషిని చూసుకోవడం మీలో చాలామందికి ముందే వచ్చు. ఏది చేయాలో, ఎక్కడ ఆగాలో, ఎవరిని పిలవాలో తెలియకపోవడమే అడ్డం. అది మూడు నాలుగు నెలల్లో నేర్చుకోగలిగిందే. నేను నేర్చుకున్నాను, చేరాను. ఇప్పుడు మా వార్డులో కొత్తగా చేరేవాళ్లకు పని చూపించేది నేనే. వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఈ ఉద్యోగం ఏమిటో తెలుసుకోండి

'నర్సింగ్ అసిస్టెంట్' అన్న ఒక్క పేరుతో వెతికితే చాలా ఉద్యోగాలు కనబడవు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, పేషెంట్ కేర్ అసిస్టెంట్, నర్సింగ్ ఎయిడ్, వార్డ్ అసిస్టెంట్ అన్నీ దాదాపు ఇదే పని. జనరల్ డ్యూటీ అసిస్టెంట్‌ను హాస్పిటల్‌లో జీడీఏ అంటారు. పేషెంట్ల నోట్లో మాత్రం ఆయమ్మ, వార్డ్ బాయ్. 'అటెండర్' అన్న మాట విని పొరబడకండి. మన హాస్పిటళ్లలో ఆ మాట ఎక్కువగా పేషెంట్‌తో వచ్చిన ఇంటివాళ్లకు వాడతారు.

స్పాంజ్ బాత్ చేయించడం (తడి గుడ్డతో ఒళ్లు తుడవడం), బట్టలు, డైపర్ మార్చడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం, తినిపించడం, పక్క తిప్పడం, దుప్పట్లు మార్చడం, ఎక్స్‌రేకో స్కానింగ్‌కో తీసుకెళ్లి తీసుకురావడం, శాంపిల్స్ ల్యాబ్‌కి ఇవ్వడం, మూత్రం కొలిచి చెప్పడం ఇవీ మన పనులు. ఇంజక్షన్, సెలైన్ మార్చడం, మందులివ్వడం, ముక్కులో గొట్టం వేయడం మనవి కావు. ఎంత వచ్చినా, ఎవరు బతిమాలినా కావు. నర్సు అవ్వాలంటే ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఈ తేడా ఇప్పుడే మనసులో పెట్టుకుంటే కోర్సు ఎంచుకునేటప్పుడు మోసపోరు.

ఇంకో మాట. ఈ పనిలో మలం, మూత్రం, వాంతి, రక్తం రోజూ ఉంటాయి. చనిపోయిన మనిషిని శుభ్రం చేసి ఇంటివాళ్లకు అప్పగించడం కూడా ఉంటుంది. మొదటిసారి ఆ పని చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కనున్న పెద్దక్క "చివరి స్నానం నీ చేతుల మీదుగా అయింది, మంచిగా చేశావు" అన్న మాటతోనే మరునాడు డ్యూటీకి వెళ్లగలిగాను. మీకు ఇది కుదరదనిపిస్తే ఓపీ రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ఫార్మసీ వైపు చూసుకోండి. అందులో తప్పేమీ లేదు.

రెండో మెట్టు: మీకున్న అనుభవాన్ని కాగితం మీద పెట్టండి

బయోడేటాలో 'అనుభవం: లేదు' అని రాసి వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మాట్లాడితే తెలుస్తుంది, నాన్నకు డయాలసిస్ చేయించడానికి వారానికి మూడుసార్లు తీసుకెళ్లిన అమ్మాయి ఆమె. అది అనుభవమే. కాకపోతే 'మా నాన్నకు సేవ చేశాను' అని రాస్తే వాళ్లకు ఏమీ తెలియదు. ఏం చేశారో రాయాలి. నేను రెండో ఇంటర్వ్యూకి ఇలా రాసుకెళ్లాను:

"పక్షవాతంతో మంచాన ఉన్న అత్తగారిని నాలుగేళ్లు చూసుకున్నాను. రెండు గంటలకోసారి పక్క మార్చేదాన్ని. రోజూ స్పాంజ్ బాత్, డైపర్ మార్చడం, తల ఎత్తి కూర్చోబెట్టి తినిపించడం, డిజిటల్ మిషన్‌తో బీపీ చూసి పుస్తకంలో రాయడం నా పని. తెలుగు, హిందీ మాట్లాడతాను. నైట్ డ్యూటీకి ఇబ్బంది లేదు."

అంతే, ఐదారు లైన్లు. ఇంట్లో ఎవరినీ చూసుకోని వాళ్లకూ రాయడానికి ఉంటుంది. స్కూల్లో ఆయాగా చేసి ఉంటే పిల్లల శుభ్రత, ఓపిక. హోటల్లో హౌస్‌కీపింగ్ చేసి ఉంటే పక్కలు వేయడం, షిఫ్టుల అలవాటు. గోడౌన్‌లో పని చేసిన అబ్బాయికి బరువు ఎత్తేటప్పుడు నడుముకు దెబ్బ తగలకుండా మోకాళ్లు వంచడం తెలుసు. మా వార్డులో అలాంటి ఒక తమ్ముడు వారం రోజుల్లోనే అందరికంటే బాగా పేషెంట్లను షిఫ్ట్ చేశాడు.

చేయనిది మాత్రం రాయకండి. ప్రాక్టికల్‌లో పది నిమిషాల్లో బయటపడుతుంది.

మూడో మెట్టు: కోర్సు చేయాలా?

చేయకుండా కూడా తీసుకుంటారు, ముఖ్యంగా చిన్న నర్సింగ్ హోమ్‌లలో. కానీ పెద్ద హాస్పిటల్ కావాలనుకుంటే, చేతిలో డబ్బు, మూడు నాలుగు నెలల సమయం ఉంటే, చేయమనే నా సలహా. సర్టిఫికెట్ కోసమని కాదు. ట్రైనింగ్‌లో కొన్ని వారాలు నిజమైన వార్డులో నిలబెడతారు. 'అనుభవం లేదు' అన్న మాటకు అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

అడగాల్సిన కోర్సు జనరల్ డ్యూటీ అసిస్టెంట్. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ దీనికి పాఠ్యాంశాలు పెట్టి, పరీక్ష జరిపించి, సర్టిఫికెట్ ఇస్తుంది. దేశమంతా చెల్లుతుంది. చాలాచోట్ల పదో తరగతి, పద్దెనిమిదేళ్ల వయసు అడుగుతారు. మన ఊళ్లోనే అపోలో మెడ్‌స్కిల్స్ లాంటి సంస్థలు ఈ రంగంలో ట్రైనింగ్ ఇస్తున్నాయి. గ్రామాల్లోని పేద కుటుంబాల పిల్లలకైతే 2014లో మొదలైన డీడీయూ–జీకేవై అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ శిక్షణ పథకం ఉంది. తెలంగాణలో దాన్ని ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థ నడుపుతోంది. హాస్టల్, భోజనంతో సహా ఉచితం. మీ జిల్లాలో ఈ కోర్సు బ్యాచ్ ఎప్పుడుందో మండల మహిళా సమాఖ్యలో గానీ డీఆర్‌డీవో (జిల్లా గ్రామీణాభివృద్ధి) ఆఫీసులో గానీ అడగండి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన సెంటర్ల వివరాలు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో చూడొచ్చు. పదో తరగతి ఇప్పుడే అయిన ఆడపిల్లలకు ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉంది, రెండేళ్లు. నర్సు కావాలన్న ఆశ ఉంటే అటు చూడండి.

'ఆరు నెలల్లో నర్సు', 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డులు పెట్టిన చోట ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంటుంది? వార్డు ట్రైనింగ్ ఏ హాస్పిటల్‌లో, ఎన్ని రోజులు? పోయిన బ్యాచ్‌లో చేరిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడిస్తారా? మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఆరు నెలల్లో ఎవరూ నర్సు కారు.

కోర్సు చేయలేని వాళ్లు కనీసం ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస అందించడం) నేర్చుకోండి. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ ఇలాంటి శిక్షణ ఇస్తాయి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి, ముప్పై నొక్కులకు రెండు శ్వాసలు. ఇది బొమ్మ మీద చేసి చూస్తేనే వస్తుంది, చదివితే రాదు.

నాలుగో మెట్టు: ఇంట్లోనే చేతికి అలవాటు చేసుకోండి

ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఇదే. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

చేతులు కడుక్కోవడంతో మొదలుపెట్టండి. సబ్బు, నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్‌తో (చేతులకు రాసుకునే శానిటైజర్) 20 నుంచి 30 సెకన్లు. అరచేతులు, చేతి వెనుక, వేళ్ల సందులు, వేళ్ల వెనుక కణుపులు, బొటనవేళ్లు, గోళ్లు, మణికట్టు. బొటనవేలిని దాదాపు అందరూ వదిలేస్తారు. ఎప్పుడు కడగాలో కూడా అడుగుతారు: పేషెంట్‌ను ముట్టుకునే ముందు, శుభ్రంగా ఉంచాల్సిన ఏ పనికైనా ముందు, రక్తం, మూత్రం లాంటివి తగిలే పని చేశాక, పేషెంట్‌ను ముట్టుకున్నాక, పేషెంట్ చుట్టూ ఉన్న మంచం, టేబుల్ ముట్టుకున్నాక. ఈ చివరిది చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముఖం వెలుగుతుంది. ఎందుకంటే ఎవరూ చెప్పరు.

తర్వాత రంగు డబ్బాలు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు డబ్బాలో. గ్లౌజులు, యూరిన్ బ్యాగులు, సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజీలు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో. గాజు మందు సీసాలు నీలంలో. బిస్కెట్ కవర్లు, అరటిపండు తొక్కలు వీటిలో దేంట్లోనూ వేయకూడదు, మామూలు చెత్తకు వేరే డబ్బా ఉంటుంది. కాగితం మీద నాలుగు డబ్బాలు గీసి వంటింటి గోడకు అంటించుకోండి. నేను అలాగే నేర్చుకున్నాను.

వైటల్స్: శరీర వేడి మామూలుగా 98.6 ఫారెన్‌హీట్ దగ్గర, నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20, ఆక్సిజన్ 95 నుంచి 100 శాతం, బీపీ 120/80 దగ్గర. అంకెలు బట్టీ పట్టడం తేలికే, సరిగ్గా చూడటం కష్టం. ఊపిరి లెక్కపెడుతున్నామని పేషెంట్‌కి తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఛాతీ వైపు చూసి లెక్కపెట్టాలి. బీపీకి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా చూడాలి. డయాలసిస్ పేషెంట్‌కి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. ఆక్సిజన్ చూసే వేలికి నెయిల్ పాలిష్, ముదురు మెహందీ ఉంటే అంకె తప్పు చూపించొచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో మన సిటీలో ఇది రోజూ వచ్చే సమస్యే. ఇంట్లో వాళ్లందరివీ వారం రోజులు చూసి పుస్తకంలో రాయండి.

మంచం నుంచి వీల్‌చైర్‌కి మార్చడం ప్రాక్టికల్‌లో తప్పకుండా ఉంటుంది. ముందు రెండు బ్రేకులూ వేయాలి, కాళ్లు పెట్టే పలకలు పైకి మడవాలి. ఒక వైపు పక్షవాతం ఉంటే కుర్చీ బలం ఉన్న వైపు పెట్టాలి. పడుకున్న మనిషిని వెంటనే నిలబెట్టొద్దు, మంచం అంచున కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చోబెట్టి తల తిరుగుతోందేమో అడగాలి. చంకల కింద పట్టి లాగొద్దు, నడుము దగ్గర పట్టుకోవాలి. మీ నడుము వంచకండి, మోకాళ్లు వంచండి. అన్నిటికంటే ముందు ఏం చేయబోతున్నారో పేషెంట్‌కి చెప్పాలి. ర్యాంప్ దిగేటప్పుడు వీల్‌చైర్‌ను వెనక్కి తిప్పి దించాలి, లిఫ్ట్‌లోకీ వెనక్కే తీసుకెళ్లాలి. ఇంట్లో కుర్చీతో, తమ్ముడినో చెల్లినో పేషెంట్‌గా పెట్టుకుని చేయండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

యూరిన్ బ్యాగ్ విషయంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. వీల్‌చైర్‌లో కూర్చోబెట్టగానే బ్యాగ్‌ను పేషెంట్ ఒళ్లో పెడతారు. మూత్రం వెనక్కి పోయి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకు తాకకూడదు.

తినిపించేటప్పుడు తల వైపు ఎత్తి కూర్చోబెట్టాలి, చిన్న చిన్న ముద్దలు, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఎంత తాగారో మిల్లీలీటర్లలో చెప్పాలి. చారు, టీ, కొబ్బరినీళ్లు, జావ అన్నీ లెక్కే. మీ ఇంటి గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో ఇవాళే కొలిచి చూడండి.

ఐదో మెట్టు: కాగితాలు

పదో తరగతి మెమో, ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్, కోర్సు సర్టిఫికెట్, నాలుగైదు ఫోటోలు, మీ ఊళ్లో మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, నంబర్లు. ఆధార్‌లో, మెమోలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, తేడా ఉంటే పీఎఫ్ దగ్గర ఇరుక్కుంటారు. హెపటైటిస్ బి టీకా వేసుకుని ఉంటే ఆ చీటీ కూడా. జిరాక్సులు ఐదు సెట్లు తీయించుకోండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవాలి, ఎక్కడా వదిలి రావొద్దు. మా హాస్టల్‌లో ఒక అమ్మాయి మెమోను ఒక హోమ్ నర్సింగ్ బ్యూరో దగ్గర పెట్టించుకున్నారు. మంచి చోట ఉద్యోగం వచ్చినా అది విడిపించుకోలేక నెలన్నర తిరిగింది.

ఆరో మెట్టు: ఎక్కడ అడగాలి

పెద్ద కార్పొరేట్ హాస్పిటల్ ఒక్కటే దారి అనుకోకండి. నా మాట వింటే ముందు ఇరవై ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌లోనో, డయాలసిస్ సెంటర్‌లోనో, వృద్ధాశ్రమంలోనో ఆరు నెలలు చేయండి. చిన్నచోట అన్ని పనులూ చేతికొస్తాయి. కొత్తపేట, కూకట్‌పల్లి, మెహిదీపట్నం, ఉప్పల్ ఏ వైపు ఉన్నా నడిచే దూరంలో రెండు మూడు ఉంటాయి.

పెద్దవాటికి వెళ్లేటప్పుడు మెట్రో లైన్ పట్టుకుని తిరగండి. ఎర్ర లైన్ మీదే ఈఎస్ఐ హాస్పిటల్, పంజాగుట్ట దగ్గర నిమ్స్, సోమాజిగూడ, మలక్‌పేట యశోద ఉన్నాయి, లక్డీకాపూల్‌లో దిగితే నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్. జేబీఎస్–ఎంజీబీఎస్ లైన్‌లో గాంధీ హాస్పిటల్ స్టేషన్ ఉంది. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ బస్సులు ఉచితం కాబట్టి ఆధార్ చూపించి తిరగొచ్చు. ఒక్క రోజు రెండు చోట్లకు మించి పెట్టుకోకండి, అలసిపోయిన ముఖంతో వెళ్తే లాభం లేదు.

రిసెప్షన్‌లో బయోడేటా ఇచ్చి వచ్చేస్తే అది ఎక్కడికి పోతుందో తెలియదు. నర్సింగ్ ఆఫీస్ ఎక్కడని అడగండి. ఉదయం ఎనిమిదికి డ్యూటీలు మారతాయి, తర్వాత డాక్టర్ల రౌండ్స్. ఆ హడావుడిలో వెళ్తే చిరాకు పడతారు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో వెళ్తే రెండు నిమిషాలు వింటారు. "నమస్తే మేడం, జీడీఏ పోస్ట్ ఉందేమో కనుక్కుందామని వచ్చాను. ట్రైనింగ్ అయింది, నైట్ డ్యూటీ చేస్తాను" అంటే చాలు. ఇప్పుడు లేదంటే నంబర్ ఇచ్చి, పదిహేను రోజులకు మళ్లీ వెళ్లండి. నన్ను తీసుకున్న చోటుకి నేను వెళ్లింది మూడోసారి.

ఉస్మానియా, గాంధీ లాంటి ప్రభుత్వ హాస్పిటళ్లలో పేషెంట్ కేర్ పనివాళ్లు ఎక్కువమంది కాంట్రాక్ట్ ఏజెన్సీల ద్వారా వస్తారు. ఆ ఏజెన్సీ పేరు తెలుసుకుని నేరుగా వాళ్ల సూపర్‌వైజర్‌ని కలవండి. మధ్యలో ఎవరైనా "యాభై వేలిస్తే పెట్టిస్తా, తర్వాత పర్మనెంట్ అవుతుంది" అంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. పుస్తెలు కుదువపెట్టి ఇచ్చి పోగొట్టుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. ప్రభుత్వంలో నర్సుల పర్మనెంట్ ఉద్యోగాలకు మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది. అది బ్రోకర్ చేతిలో ఉండదు.

హోమ్ కేర్, అంటే ఇంటికి వెళ్లి పేషెంట్‌ను చూసుకునే పని, త్వరగా దొరుకుతుంది. కానీ కొత్తవాళ్లకు నేను చెప్పను. పేషెంట్‌కి ఏదైనా అయితే పిలవడానికి పక్కన సిస్టర్ ఉండదు.

ఏడో మెట్టు: ఇంటర్వ్యూ రోజు

గోళ్లు కత్తిరించుకోండి, జుట్టు ముడి వేసుకోండి, సెంటు వద్దు. గాజులు, ఉంగరాలు తీయమంటారు. పెళ్లయినవాళ్లకు ఇది మనసుకు కష్టంగా ఉంటుంది, నాకూ ఉండింది. గాజుల కింద చేయి శుభ్రం కాదు, పేషెంట్ చర్మం గీరుకుంటుంది. పుస్తెలు లోపలికి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

ప్రశ్నలు ఇలా ఉంటాయి.

"పేషెంట్ కింద పడిపోయాడు. ఏం చేస్తావు?" వెంటనే ఎత్తి మంచం మీద వేస్తాననొద్దు. ఎముక విరిగి ఉండొచ్చు. పేషెంట్ దగ్గరే ఉండి, సిస్టర్‌ని గట్టిగా పిలిచి, మాట్లాడుతున్నాడా, రక్తం వస్తోందా చూస్తాను, వాళ్లు చెప్పాకే కదిలిస్తాను అనాలి.

"సెలైన్ అయిపోయింది, సిస్టర్ బిజీగా ఉంది, నువ్వే మార్చమని అటెండర్ గొడవ చేస్తున్నాడు." సిస్టర్‌కి చెప్పి తీసుకొస్తాను, నేను ముట్టుకోను.

"డిశ్చార్జ్ అయ్యేటప్పుడు సంతోషంగా ఐదు వందలిచ్చారు." తీసుకోను. ఇది ఇంటర్వ్యూ కోసం చెప్పే మాటగా పెట్టుకోకండి. బిడ్డ పుడితే ఇంత, స్ట్రెచర్ తోస్తే ఇంత అని పేదవాళ్ల దగ్గర చేయి చాచే అలవాటు మన వృత్తికి ఎంత చెడ్డపేరు తెచ్చిందో మీకు తెలుసు.

"ఇద్దరు లక్ష్మమ్మలున్నారు, ఒకరిని ఎక్స్‌రేకి తీసుకెళ్లాలి." పేరు అడిగి, చేతికున్న పట్టీ మీద పేరు, యూహెచ్‌ఐడీ నంబరు (హాస్పిటల్ ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే నంబరు) రెండూ ఫైల్‌తో పోల్చి చూస్తాను.

తెలియనిది అడిగితే "తెలియదు మేడం, సిస్టర్‌ని అడిగి చేస్తాను" అనండి. ఆ జవాబుకి మార్కులు పోవు. నేను తప్పినది ఆ ఒక్క మాట రాకే.

భాష కూడా చూస్తారు. మన వార్డుల్లో సగం మాటలు ఉర్దూ, హిందీలో నడుస్తాయి. "దర్ద్ కహా హై అమ్మీ?", "పానీ నహీ పీనా చాచా, డాక్టర్ సాబ్ మనా కియే" లాంటి ఇరవై ముప్పై వాక్యాలు వస్తే ధైర్యంగా ఉంటుంది. తెలుగు పేషెంట్లను 'మీరు' అనే పిలవండి. కూలి పని చేసే పెద్దాయననైనా సరే, 'నువ్వు' అనొద్దు.

ఎనిమిదో మెట్టు: చేరే ముందు అడగాల్సినవి

ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో చాలామంది ఏమీ అడగరు. ఎవరి రోల్స్ మీద ఉంటారు, అంటే మీరు ఎవరి ఉద్యోగి, హాస్పిటల్ ఉద్యోగా ఏజెన్సీ ఉద్యోగా? డ్యూటీ వేళలేమిటి? చాలాచోట్ల మార్నింగ్, ఈవెనింగ్ ఆరు గంటలు, నైట్ పన్నెండు గంటలు. నెలకు ఎన్ని నైట్లు, వీక్ ఆఫ్ ఎప్పుడు, డబుల్ డ్యూటీ చేస్తే డబ్బులిస్తారా, సెలవిస్తారా? యూనిఫామ్ డబ్బులు కోస్తారా? ట్రైనింగ్ పేరుతో జీతం లేని రోజులున్నాయా?

కొత్తవాళ్ల జీతం మామూలుగా 21,000 లోపే ఉంటుంది. ఆ లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది. మీ వంతు జీతంలో 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. పీఎఫ్ కోసం బేసిక్‌లో 12 శాతం కోస్తారు, యజమానీ తన వంతు వేయాలి. "కోతల్లేకుండా చేతికి ఎక్కువిస్తాం" అంటే ఆశపడకండి. మనం రోజంతా రోగాల మధ్య ఉంటాం, ఈఎస్ఐ కార్డు అందరికంటే మనకే అవసరం. ఆఫర్ లెటర్ కాగితం మీద తీసుకోండి.

తొమ్మిదో మెట్టు: మొదటి నెల

హెపటైటిస్ బి టీకా వేసుకోకపోతే చేరగానే అడగండి. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. సూది గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండకండి, పారే నీళ్లలో సబ్బుతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని భయపడి దాచిపెట్టిన పిల్లలున్నారు. తిడితే తిట్టించుకోండి, చెప్పండి.

జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. ఏ బెడ్‌కి ఎన్ని గంటలకు పక్క మార్చారు, ఎవరికి ఎన్‌బీఎం, ఎవరి మూత్రం ఎంత. డ్యూటీ మారేటప్పుడు "ఆరో బెడ్ అమ్మకు మధ్యాహ్నం నుంచి మూత్రం తక్కువ వచ్చింది, నాలుగింటికి సిస్టర్‌కి చెప్పాను" అని చెప్పగలిగితే నెల తిరిగేసరికి సిస్టర్లు మిమ్మల్నే పిలుస్తారు. చర్మం ఎర్రబడటం, మాట తడబడటం, తిండి మానేయడం అందరికంటే ముందు మన కంట్లోనే పడతాయి, ఎందుకంటే పేషెంట్ దగ్గర ఎక్కువసేపు ఉండేది మనమే.

మొదటి పది రోజులు కాళ్లు వాస్తాయి, ఇంటికి పోదామనిపిస్తుంది. మెత్తటి చెప్పుల బదులు జారని బూట్లు కొనుక్కోండి, నైట్ తర్వాత పగలు ఫోన్ ఆపేసి పడుకోండి, అన్నం డబ్బా తెచ్చుకోండి. జీతం బ్యాంకులో పడ్డ నెలే పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు), ఈఎస్ఐ నంబరు హెచ్ఆర్‌ని అడిగి రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత వేరే చోటుకి మారితే నోటీసు పీరియడ్ పూర్తి చేసి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి, కొత్త చోట అదే యూఏఎన్ ఇవ్వండి, రెండోది తీయించొద్దు.